మాకెవరు చెప్పారు?

పోయిన సంక్రాంతికి కొల్లిపరలో, మా నాన్న చూస్తుండగా, మా అబ్బాయిని కొట్టాను. వాడికి ఆరేళ్ళు. అన్నం దగ్గర ఫోన్ కావాలని పేచీ పెట్టాడు, ఇవ్వనంటే కంచం తోసేశాడు. వీపు మీద ఒక్కటిచ్చాను. "పసివాణ్ణి అట్లా కొడతావేంట్రా?" అన్నాడు నాన్న. నాకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "నువ్వు నన్ను కొట్టలా?" అన్నాను. ఆయన కాసేపు పలకలేదు. తర్వాత, "కొట్టాను. అప్పుడు మాకెవరు చెప్పారు?" అన్నాడు.

హైదరాబాదు తిరిగొచ్చాక కూడా ఆ మాట వదల్లేదు. ఎందుకంటే చెప్పినవాడొకడున్నాడు. అతను పెరిగింది మా ఊరికి బస్సులో అరగంట దూరంలో, తెనాలిలో.

గుడిపాటి వెంకటచలం 1894లో మద్రాసులో పుట్టాడు. తాతగారికి, అంటే తల్లి తండ్రికి, దత్తత వెళ్ళి తెనాలిలో పెరిగాడు. తండ్రి తల్లిని పెట్టే బాధలు చిన్నప్పుడే చూశాడు. పెద్దయ్యాక స్త్రీల గురించి అతను రాసిన వాటికి ఆ ఇల్లే మూలమని చాలామంది చెప్తారు. నాకు మాత్రం, ఆ గొడవ జరుగుతుంటే ఓ మూల నిలబడి చూసిన పిల్లవాడు 'బిడ్డల శిక్షణ'లో ఎక్కువ కనిపిస్తాడు. పిల్లల్ని కొట్టొద్దు, భయపెట్టొద్దు, వాళ్ళతో అబద్ధాలు ఆడొద్దు, వాళ్ళు మన ఆస్తి కాదు: పుస్తకమంతా తిరిగి తిరిగి ఇక్కడికే వస్తుంది. పైగా చలం ఉద్యోగం స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు. బెత్తం పట్టుకున్న మేష్టర్లని దగ్గర్నించి చూసినవాడు.

మరి ఈ పుస్తకం మా కొల్లిపర ఇంటిదాకా ఎందుకు రాలేదు? మా నాన్న బడికెళ్ళే నాటికే అది ఉంది. నాకు తోచిన కారణం ఒకటే, రాసినవాడి పేరు. 'మైదానం' రాసినవాణ్ణి సంసారాలు చెడగొట్టేవాడని తిట్టుకున్న ఊళ్ళివి. పిల్లవాడి దగ్గర చలం పుస్తకం దొరికితేనే వీపు విమానం మోత మోగే రోజుల్లో, పిల్లల వీపుల గురించి చలం ఏం రాశాడో ఎవరు చదువుతారు? 1950లో ఆయన కుటుంబంతో సహా అరుణాచలం వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆయన గురించి తిట్లూ పూజలూ మిగిలాయి గాని, పిల్లల పెంపకం గురించి ఆయన్ని అడిగినవాళ్ళు తక్కువే అనుకుంటాను.

ఒక పేచీ కూడా ఉంది నాకు ఆ పుస్తకంతో. చలం అడిగే ఓపికకి టైము కావాలి. మా అమ్మ తెల్లారకముందే లేచి, గేదె పాలు పిండి, పసుపు తవ్వే కూలీలకి అన్నం వండి పంపేది. ఆవిడ చేతి నుంచి నాకు పడిన దెబ్బల్లో సగం అలసటవి. పిల్లవాడికి స్వేచ్ఛ ఇవ్వమంటే, ఒలికిన కూర ఎత్తేది ఎవరు అన్న ప్రశ్న కూడా రావాలి కదా. స్త్రీ పక్షాన అంత రాసినవాడు ఈ ప్రశ్న దగ్గర ఇంకాసేపు ఆగి ఉండాల్సింది.

మా ఇంటికి వచ్చింది ఇంకో తెనాలి పిల్లవాడి రాత. కొడవటిగంటి కుటుంబరావు 1909లో తెనాలిలో పుట్టాడు. అయిదేళ్ళకే తండ్రి పోయాడు, 1920లో తల్లి పోయింది, మేనమామ దగ్గర పెరిగాడు. చలానికి తాత, ఈయనకి మేనమామ. కన్నతండ్రి నీడలో పెరగని ఇద్దరు, పిల్లల గురించి తెలుగులో ఇంత పని చేయడం యాదృచ్ఛికమే కావచ్చు, నాకైతే అలా అనిపించదు. కొ.కు. 'చదువు' నవల సుందరం అక్షరాభ్యాసంతో మొదలవుతుంది. పెద్దవాళ్ళ లోకం పిల్లవాడి ఎత్తు నుంచి ఎలా ఉంటుందో అంత నింపాదిగా చెప్పిన తెలుగు నవలలు ఎక్కువ లేవు.

1947 జులైలో 'చందమామ' మొదలైంది. నాగిరెడ్డితో కలిసి పెట్టిన చక్రపాణిదీ తెనాలే. 1952లో కొ.కు. అందులో చేరి, 1980లో పోయేదాకా దాని వచనాన్ని తీర్చిదిద్దాడు. ఆ పత్రిక పెద్దవాళ్ళకి ఏమీ చెప్పలేదు, అందుకే గడప దాటి లోపలికి రాగలిగింది. బేతాళ కథలే తీసుకోండి. కథ అయ్యాక బేతాళుడు విక్రమార్కుణ్ణి అడుగుతాడు, ఇందులో తప్పెవరిది, ఎందుకు అని. నాన్న చేతిలో తన్నులు తిని, దొడ్లో అరటి చెట్ల కింద కూర్చుని నేను పాత చందమామలు చదివేవాణ్ణి. తప్పెవరిదని నన్ను అడిగినవాడు ఆ ఇంట్లో బేతాళుడొక్కడే.

చలం 1979 మే 4న పోయాడు. ఆ జులైలో స్వీడన్‌లో చట్టం వచ్చింది, తల్లిదండ్రులు కూడా పిల్లల్ని కొట్టకూడదని. ప్రపంచంలో అదే మొదటిది. మన దగ్గర 2009 విద్యాహక్కు చట్టం బడిలో దెబ్బల్ని నిషేధించింది. ఇంటి జోలికి పోలేదు. నా ఫోన్లో పేరెంటింగ్ వీడియోలు రోజూ వస్తాయి, కాబట్టి మాకెవరు చెప్పారు అనే వీలు నాకు లేదు. చెప్పారు, విన్నాను, అయినా చెయ్యి లేచింది.

తిరుగు ప్రయాణంలో తెనాలి స్టేషన్లో బెంచీ మీద కూర్చున్నప్పుడు మావాడు అడిగాడు. "తాతయ్య నిన్ను కొట్టేవాడంట కదా నాన్నా, నొప్పి పుట్టిందా?"

"పుట్టింది."

"నాకూ పుట్టింది," అన్నాడు. సారీ చెప్పాను. వాడు ఏమీ అనకుండా బండి వచ్చే వైపు చూస్తూ కూర్చున్నాడు.