అశ్వక్రీడలలో కనిపించని కంచె

గుర్రమెక్కి ఆయుధమో, కర్రో చేతబట్టి ఆడే క్రీడలలో ప్రాణాపాయం తొలినాటి నుండి ఉన్నదే. ఢిల్లీ సుల్తాను కుతుబుద్దీన్ ఐబక్ 1210లో లాహోరులో చౌగాన్ ఆడుచుండగా గుర్రం కూలి, జీను ముందరి కొమ్ము తగిలి మరణించాడు. ఫ్రాన్సు రాజు రెండవ హెన్రీ 1559లో ప్యారిస్‌లో జరిగిన బల్లెపు పోరులో గాయపడ్డాడు. ప్రత్యర్థి బల్లెం చీలిక కంటిలో నాటుకొనగా పదిరోజులకు కన్నుమూశాడు. ఐరోపావారు జౌస్టింగ్ అని పిలిచే ఆ పోరు నేటికీ పోటీలుగా సాగుతున్నది. చౌగాన్ సంప్రదాయానికి చెందిన పోలో కూడ నిలిచి ఉన్నది. ఈ రెండింటిలో ఏది, ఏ విధంగా అపాయాన్ని అదుపు చేసుకొన్నదో తెలియుటకు కోల్‌కతా చరిత్ర తోడ్పడుతుంది.

ఆధునిక పోలోకు మూలం మణిపురీల సగోల్ కాంగ్జై. కాచార్ ప్రాంతంలో ఆ ఆటను చూచి ముగ్ధుడైన సైన్యాధికారి జోసెఫ్ షెరర్, రాబర్ట్ స్టూవర్ట్ మొదలైనవారితో కలిసి 1859లో సిల్చార్‌లో ఒక క్లబ్బు ఏర్పరచాడు. 1862లో వీరిరువురి చొరవతోనే కలకత్తా పోలో క్లబ్బు వెలసింది. నేటికీ నడుస్తున్న పోలో క్లబ్బులలో ఇదే ప్రపంచంలో అత్యంత ప్రాచీనమైనదిగా పరిగణింపబడుతున్నది. 1880లో ఎజ్రా కప్పు పోటీలు ఆరంభమయ్యాయి. ఇక్కడినుండి ఆట ఇతర సైనిక పట్టణాలకు వ్యాపించింది. సికింద్రాబాదులోని బైసన్ పోలో గ్రౌండ్ పేరు మన ప్రాంతంలో ఆ వైభవానికి గుర్తుగా మిగిలింది.

మణిపురీల ఆటలో పక్షానికి ఏడుగురు ఉండేవారు. నేటి పోలోలో నలుగురు. ఎనిమిది గుర్రాలు ఒకే బంతికై పరుగెత్తునప్పుడు అసలు ముప్పు వేగం కాదు, ఎదురుబొదురు తాకిడి. దానిని నివారించునది కవచం కాదు, నియమం. కొట్టిన బంతి పోయే దారి వెంట ఒక గీత ఉన్నట్లు భావిస్తారు. ఆ గీతను అనుసరించి వచ్చు ఆటగానిదే దారి హక్కు. అతని ముందు అపాయకరంగా అడ్డుపోవుట నేరం. ప్రక్కప్రక్కన సాగుతూ భుజంతో ప్రత్యర్థిని త్రోయవచ్చును గాని, ఏటవాలుగా వచ్చి గుద్దరాదు. కర్రను కుడిచేతనే పట్టవలెననుటలోని మర్మమూ ఇదే. ఎదురెదురుగా వచ్చు ఇరువురూ బంతిని తమ కుడివైపున ఉంచుకొందురు గనుక ఒకరినొకరు తప్పుకొని పోగలరు. ఎడమచేతివాటం ఆటగాడైతే ఇద్దరి దారీ ఒకటే అవుతుంది.

బల్లెపు పోరుకు ఈ వెసులుబాటు లేదు. ఎదురుగా వచ్చి తాకుటే అక్కడ ఆట. పదిహేనవ శతాబ్దంలో గుర్రాలు ఢీకొనకుండ నడుమ అడ్డుగోడ కట్టారు. గుర్రాలకు రక్షణ కలిగింది గాని రౌతుకు మిగిలింది ఇనుప కవచమే. నేటి పోటీలలో కొందరు సులభంగా విరిగే బాల్సా కొయ్య మొనలను వాడుతారు. అయినను 2007లో ఇంగ్లండులోని రాకింగ్‌హామ్ కోటలో జరిగిన ప్రదర్శనలో అట్టి మొన నుండి లేచిన చీలిక శిరస్త్రాణపు కంటిరంధ్రం గుండా దూరి ఒక రౌతు ప్రాణం తీసింది. హెన్రీ మరణించిన నాలుగున్నర శతాబ్దాలకు కూడ ప్రమాదం అదే దారిన వచ్చింది.

పోలో మాత్రం నిరపాయమని చెప్పజాలము. గుర్రం కాలు జారితే ఏ గీతా రౌతును కాపాడలేదు. ఐబక్ మరణం వంటిది నేడూ అసంభవం కాదు. అందుచేతనే శిరస్త్రాణం ధరించుట, గుర్రపు కాళ్ళకు పట్టీలు చుట్టుట, సుమారు 7 నిమిషాల చక్కర్ ముగియగానే గుర్రాన్ని మార్చుట ఆచారాలైనవి. అలసిన గుర్రం తన అలసటను చెప్పుకోలేదు. అది గమనించవలసినది మనిషే.

కోల్‌కతాలో గుర్రపు పందేల మైదానం ఆవరణలోని పోలో స్థలాన్ని చూచు ప్రేక్షకునికి గుర్రాల దూకుడే కనబడుతుంది. బంతి వెంట సాగే గీత కనబడదు. ఆటగాడు ప్రతి పరుగులోను దానిని మన్నించి కళ్ళెం బిగబట్టినంతకాలమే ఆ కంచె నిలుస్తుంది.