ఫిరంగి గొట్టం – పూలకుండీ

చాలా రెజిమెంట్ మెస్సుల్లో ఓ మూల తళతళలాడే ఇత్తడి పూలకుండీ కనిపిస్తుంది. బోర్లించి అడుగు చూడండి. తయారైన సంవత్సరం, కేలిబర్ అంకెలు ఉంటే అది ఒకప్పటి ఫిరంగి షెల్ కేసన్నమాట.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో (1914–18) ఇలాంటివి విరివిగా తయారయ్యాయి. వీటికి ‘ట్రెంచ్ ఆర్ట్’ అని పేరు. కందకంలో కూర్చుని చేశారనుకుంటాం గానీ, శత్రువు ఎదురుగా ఉంటే సుత్తి చప్పుడు చేసేదెవరు? చాలావరకు లైన్ల వెనుక వర్క్‌షాపుల్లో కమ్మరులు, ఫిట్టర్లు, టర్నర్లు చేసినవే. చైనా లేబర్ కోర్ వాళ్లు డ్రాగన్లు చెక్కారు. యుద్ధం ముగిశాక బెల్జియం, ఫ్రాన్స్ జనం యాత్రికులకు అమ్ముకుని పొట్ట పోసుకున్నారు. నిజానికి ఖాళీ కేసు సర్కారు సొత్తు, మళ్లీ నింపడానికి వెనక్కి పంపాలి. కొన్ని మాత్రం దారితప్పి కుండీలయ్యాయి!

షెల్ కేసు ఇత్తడిలో రాగి 70, జింకు 30 పాళ్లు. బాగా సాగుతుంది. కానీ కొట్టేకొద్దీ బిరుసెక్కి పగులుతుంది కనుక మధ్యమధ్య కాల్చి మెత్తబరచాలి. ఆపైన లేత్ చక్‌లో పట్టి అంచు సమం చేయడం, గీతలు తీయడం, మెరుగుపెట్టడం.

లేత్‌కూ ఆయుధశాలకూ చుట్టరికం పాతదే. హెన్రీ మాడ్‌స్లే 12వ ఏట ఊలిచ్ ఆర్సెనల్‌లో తూటాలు నింపే కుర్రాడిగా చేరాడు. 1800 ప్రాంతంలో కచ్చితమైన మరలు కోసే లేత్ తయారుచేశాడు.

మన ఈఎంఈ 1943లో ఏర్పడింది. సికింద్రాబాద్‌లో ఆ విద్య నేర్చినవాళ్లు మనలో చాలామందే. నేనూ ఆ కోవలోవాణ్నే. ఓ ఉగాదికి మనవాళ్లు పద్యనాటకం వేస్తే, భీముడి గద చేసే పని నాకు పడింది. మొదట అల్యూమినియం దిమ్మెనే నిండుగా తిప్పాను. రిహార్సల్లో భీముడు పద్యం సగంలోనే ఆయాసపడ్డాడు. తర్వాత లేత్ మీద కొయ్య అచ్చు బిగించి, దానిమీద రేకు బిళ్లను తిప్పుతూ నొక్కి, రెండు అరగుండ్లు చేసి కలిపాను. చంటిపిల్లాడు కూడా ఎత్తాడు. దీపాల వెలుగులో ఇనుప గదే అనిపించింది.

ఒక్క మాట. ఎక్కడో దొరికిన షెల్ కేసుని లేత్ ఎక్కించకండి. అడుగున ప్రైమర్ ఇంకా బతికే ఉండొచ్చు. పేలుడు పదార్థం లేదన్న సర్టిఫికెట్ చూశాకే చెయ్యి వేయాలి. మా ఉస్తాద్ నేర్పిన మొదటి పాఠం అదే.

ఆ కేసులోంచి వెళ్లిన గుండు ఎవరింటి దీపం ఆర్పిందో మనకి తెలియదు. దాన్ని కుండీగా మలిచిన చేతుల పేరూ తెలియదు. మిగిలింది అడుగున ఉన్న ఆ నాలుగంకెలే. అందుకే బ్రాసో పెట్టి ఎంత తోమినా సరే, ఆ సంవత్సరాన్ని మాత్రం అరగదీయకండి.

జై హింద్!