విరియాల కామసాని: గూడూరు శాసన పద్యాలలో వంశస్మృతి

తెలంగాణ శాసన పద్యాల చర్చలో కుర్క్యాల శాసనం (క్రీ.శ. 945) తరువాత తప్పక ప్రస్తావనకు వచ్చేది గూడూరు శాసనం. జినవల్లభుని కుర్క్యాల శాసనంలో కందాలు ఉండగా, సిద్దిపేటకు పొరుగున ఉన్న జనగామ ప్రాంతపు గూడూరు శాసనంలో వృత్తపద్యాలు కనిపిస్తాయి. పండితుల దృష్టి ఎక్కువగా ఈ పద్యాల ప్రాచీనత మీదనే నిలిచింది. వాటిలో కీర్తి పొందిన విరియాల కామసానిని ఎవరు, ఎప్పుడు, ఎందుకు స్మరించారన్నది ఈ వ్యాసంలోని పరిశీలనాంశం.

కామసాని విరియాల ఎఱ్ఱన భార్య. కాకతీయ గుండన గతించిన నాటికి గరుడ బేతరాజు బాలుడు. ఆమె చాళుక్య చక్రవర్తిని దర్శించి, ఆ బాలునికి అనుమకొండ ఇప్పించి, కాకతి వంశాన్ని నిలిపింది. ఎఱ్ఱన శత్రువును వధించి బొట్టుబేతని కొరవిలో నిలిపిన వృత్తాంతం కూడా ఈ శాసనంలోనిదే. ఈ రెంటినీ కలిపి చదవాలి. భర్తది యుద్ధం, భార్యది రాయబారం. రెంటి ఫలం రాజ్యప్రతిష్ఠాపనమే. విరియాలవారి దృష్టిలో ఈ రెండు కార్యాలూ సమానమైన వంశకీర్తులు.

ఆమెను గుండన సోదరిగా, బేతరాజుకు మేనత్తగా చరిత్రకారులు భావించారు. మేనల్లుని పక్షాన పుట్టింటి ఆడపడుచు నిలవడం సహజమే. అయితే ఈ బంధుత్వం ఊహాసాధ్యం. ఆమె ప్రసిద్ధికి మూలం ఆమె కార్యమే.

కాలనిర్ణయంలో ఒక జాగ్రత్త అవసరం. బేతరాజు పాలన క్రీ.శ. 1000 ప్రాంతాన ఆరంభమైంది. విరియాల మల్లునికి సంబంధించిన శాసనకాలం 1124. ఘటన జరిగిన కాలాన్నే పద్యరచనా కాలంగా గ్రహించి, ఈ వృత్తాలు నన్నయకు పూర్వమైనవని నిర్ధారించడం సమంజసం కాదు. 1124 నాటికి అనుమకొండలో రెండవ ప్రోలరాజు బలపడుతున్నాడు. ప్రభువంశం తమ పూర్వులకు పడిన ఋణాన్ని సామంతులు రాతిపై నిలిపిన సందర్భమది. కాబట్టి ఈ పద్యాలను కేవలం ప్రశస్తిగా కాక, రాజకీయ స్మృతిగా చదవాలి.

రుద్రమదేవి సింహాసనమెక్కడానికి రెండున్నర శతాబ్దాల ముందు ఆ సింహాసనానికి ఆధారం కల్పించినది ఒక స్త్రీ. కామసానికి కాకతీయ చరిత్ర పీఠికలోనూ, తెలుగు పద్య చరిత్రలోనూ స్థానముంది. పద్యాలు నన్నయ తరువాతివైనంత మాత్రాన ఆ స్థానానికి లోటు కలగదు.