శిఖర నిర్మాణంలో తలచ్ఛందం, ఊర్ధ్వచ్ఛందం



జీర్ణోద్ధరణ ముగిసిన ఆలయం ఎదుట చేతులు జోడించి నిలిచిన వేళ మన చూపు శిఖరంపై నిలుస్తుంది. ఆ శిఖరం రాతిలో రూపుదాల్చక ముందే పటంలో రూపుదాల్చవలసి ఉంటుంది. కట్టడం నేలపై పరచుకొనే ఆకృతిని తలచ్ఛందమనీ, నిలువున కనిపించే రూపాన్ని ఊర్ధ్వచ్ఛందమనీ వ్యవహరిస్తారు. వీటినే నేటి ఇంజనీర్లు ప్లాన్, ఎలివేషన్ అంటున్నారు.

గోడ మనకు ఎదురుగా ఉన్నప్పుడు పటం గీయడంలో చిక్కు లేదు. కోణంగా తిరిగిన గోడలతోనే చిక్కంతా. ద్రావిడ విమానాలపై ఉండే ఎనిమిది పలకల శిఖరాన్ని తలచుకోండి. అడుగున ఒక్కొక్క పలక వెడల్పు 10 అడుగులనుకుందాం. ఎదుటినుండి గీసిన పటంలో నడిమి పలక 10 అడుగులుగానే ఉంటుంది. ఇరుపక్కల పలకలు 45 డిగ్రీలు తిరిగి ఉన్నందున ఒక్కొక్కటి సుమారు 7 అడుగుల 1 అంగుళంగా కనిపిస్తుంది. పటంలో దోషమేమీ లేదు. అయితే ఆ కొలతనే నమ్మి రాయి చెక్కితే పలక దాదాపు 3 అడుగులు కురచ అవుతుంది. కనుక వెడల్పును తలచ్ఛందం నుండి గ్రహించి, తిరిగిన ప్రతి ముఖానికీ దానికి సరిగ్గా ఎదురు నిలిచినట్లు వేరొక పటం గీయాలి.

ఈ విద్య మనకు కొత్తది కాదు. మధ్యప్రదేశ్‌లోని భోజపురంలో 11వ శతాబ్దపు అసంపూర్ణ శివాలయం చుట్టూ ఉన్న బండలపై నాటి శిల్పులు గీసిన నిర్మాణ చిత్రాలు నేటికీ నిలిచి ఉన్నాయి. కర్ణాటకలోని డంబళలో దొడ్డబసప్ప ఆలయ విమానానికి 24 కోణాలున్నాయి. ఒకే కేంద్రంపై చతురస్రాన్ని 15 డిగ్రీల చొప్పున తిప్పుకుంటూ పోతే అట్టి ఆకృతి సిద్ధిస్తుంది. ఫ్రాన్సులో గాస్పార్ మోంజ్ 1795లో ఇట్టి పటాల లెక్కను గణితశాస్త్రంగా బోధించాడు.

మన కళింగసీమలో మరొక చిక్కు ఎదురవుతుంది. శ్రీముఖలింగంలోని సోమేశ్వరాలయ శిఖరం పైకి లేస్తూ లోనికి వంగుతుంది. అందుచేత ఎదుటి పటంలో దాని ముఖం అసలు పొడవుకన్నా తక్కువగా కనిపిస్తుంది. వంపు వెంబడి నూలు పట్టి కొలిచినదే నిజమైన పొడవు.

హనుమకొండలో 1163 నాటి వేయిస్తంభాల గుడి కల్యాణమండపాన్ని 2006 ప్రాంతంలో విప్పదీశారు. రాళ్లకు సంఖ్యలు వేసి, మరల నిలిపి, 2024 మార్చిలో భక్తులకు అందించారు. ఏ రాయి ఎక్కడిదో ముందుగా గుర్తుపెట్టుకోనిదే అంతటి పని సాధ్యం కాదు.

దాతలారా! కురచైన రాతిని పొడిగించే ఉపాయం లేదు. మీ ధనమూ శిల్పి శ్రమా వ్యర్థం కాకూడదంటే, పాత రాయి కదిలించక ముందే ప్రతి ముఖానికీ పటం గీయించాలి. భోగాపురం పరిసరాల్లో ఏ ఆలయానికి జీర్ణోద్ధరణ తలపెట్టినా ఆ పటాలను ఆలయ రికార్డులతో పాటు భద్రపరచవలసిందిగా ప్రార్థన. రాబోయే తరాలు మరల సంప్రోక్షణకు పూనుకొన్న నాడు అవే వారికి దారి చూపుతాయి.

శుభం భూయాత్.