కారు తలుపూ, అవ్వ గొంతూ

కారుకి స్పీకరు కొనేవాళ్ళు వాట్లెన్ని అని అడుగుతారు. దాన్ని బిగించే పలక సంగతి ఎవరూ అడగరు. కానీ ఆ పలకకి వందేళ్ళ చరిత్ర ఉంది.

ఇప్పుడు మనం వాడే రకం కోను స్పీకరు గురించి 1925లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్‌కు చెందిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ పేపరు రాశారు. కోను ముందుకి కదిలితే ముందర గాలి ఒత్తుకుంటుంది, వెనక గాలి పలచబడుతుంది. రెండూ అంచు చుట్టి కలిసిపోతే బేస్ చచ్చిపోతుంది. అందుకే మధ్యలో పలక అడ్డం కావాలి. 50 హెర్ట్జ్ స్వరం పొడవు గాలిలో సుమారు 7 మీటర్లు. అంత పలక ఇంట్లోనే పట్టదు, ఇంక కార్లో ఎక్కడ? 1954లో ఎడ్గర్ విల్చర్ దారి చూపించాడు. చిన్న పెట్టెని గాలి పోకుండా మూసి, లోపలి గాలినే స్ప్రింగులా వాడాడు.

మోటరోలా కారు రేడియో 1930లోనే వచ్చింది, మాట వినపడితే చాలు ఆ రోజుల్లో. ఫిలిప్స్ క్యాసెట్ 1963ది. మన దగ్గర అంబాసిడర్లలో వెనక సీటు పైపలకకి గుడ్డు ఆకారంలో రెండు బొక్కలు కోసి 6×9 స్పీకర్లు దించేవాళ్ళు. డిక్కీయే పెట్టె!

వత్రాప్‌లో మా తాత కార్లో సినిమా పాటలకన్నా ఇంటి క్యాసెట్లే ఎక్కువ వేసేవాడు. అవ్వ మాటలు, పెళ్ళిళ్ళలో ముసలోళ్ళ పాటలు. ఊరంతా తమిళం, నాకేమో బడిలో కన్నడం. మా ఇంటి తెలుగు ఎట్లా పలికేవాళ్ళో ఆ టేపుల్లోనే ఉంది. వాటిని ఫోన్లోకి ఎక్కించి ఇప్పటి కార్లో పెడితే అవ్వ గొంతు గుసగుసలా వచ్చింది. స, చ లాంటి హల్లుల బలం 2000 హెర్ట్జ్ పైన ఉంటుంది. తలుపు రేకు గలగలలాడితే మొదట మునిగేవి అవే.

అందుకని ఆచారి చేత 18 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్‌లో రింగు కోయించాను. ఎమ్‌డీఎఫ్ చవకే, కానీ అద్దం సందులోంచి వాన నీళ్ళు తలుపులోకి దిగుతాయి, అది ఉబ్బిపోతుంది. లోపలి రేకు బొక్కలన్నీ మూసి, రేకుకి బరువైన బ్యుటైల్ షీటు అంటించాం. అడుగున నీళ్ళు పోయే రంధ్రాలు మాత్రం ముయ్యకూడదు. బిగించేముందు అద్దం పూర్తిగా దించి, మాగ్నెట్‌కి తగలడం లేదని చూడాలి. టెస్టర్ బుద్ధి, నాలుగుసార్లు దించి చూశాను.

కుడి తలుపు అయింది. అవ్వ ఎవర్నో "చాల్లే" అని కసరడం తేటగా వినిపిస్తోంది. ఎడమది పొంగలి సెలవుల్లో.