పాలమూరు ప్రాంతంలో క్రిస్మస్ - తేదీలు, సంప్రదాయాలు

క్రిస్మస్ యేసు క్రీస్తు జననాన్ని స్మరించుకొంటూ క్రైస్తవులు జరుపుకొనే పండుగ. ఈ పండుగ అన్ని దేశాలలోనూ, అన్ని శాఖలలోనూ ఒకే రోజున, ఒకే విధంగా జరగదు. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో భాగమై, 2016 అక్టోబరు 11న వేరు జిల్లాలుగా ఏర్పడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలలో దీనిని డిసెంబరు 25న జరుపుకొంటారు. తేదీ ఒకటే అయినా, పండుగ జరిపే పద్ధతి సంఘాన్ని బట్టి మారుతుంది. పండుగనే పాటించని సంఘాలు కూడా కలవు.

తేదీ నిర్ణయం

యేసు పుట్టిన రోజు, నెల బైబిలులో పేర్కొనబడలేదు. సా.శ. 336లో రోము నగరంలో డిసెంబరు 25న ఈ పండుగ జరిగినట్లు 354 నాటి ఒక పంచాంగ సంకలనం ద్వారా తెలుస్తున్నది. తూర్పు ప్రాంతపు సంఘాలు మొదట జనవరి 6నే జననాన్ని, బాప్తిస్మాన్ని కలిపి స్మరించేవి. ఆర్మేనియా సంఘం నేటికీ ఆ పద్ధతినే పాటిస్తున్నది.

ఉగాది వలె ఈస్టరు చంద్రుని గమనంపై ఆధారపడి ఏటా మారుతుంది. క్రిస్మస్ మాత్రం సంక్రాంతి వలె సౌరమానానికి చెందినది. కనుక తేదీ మారదు. అయితే ఏ క్యాలెండరులోని డిసెంబరు 25 అనే ప్రశ్న మిగులుతుంది.

జూలియన్ క్యాలెండరులో సంవత్సరానికి 365¼ రోజులు. ఇది సూర్యుని గమనం కంటే సుమారు 11 నిమిషాలు ఎక్కువ. దాదాపు 128 సంవత్సరాలకు ఈ తేడా ఒక రోజు అవుతుంది. దీనిని సరిచేయుటకు పోప్ 13వ గ్రెగరీ 1582లో 10 రోజులను తొలగించాడు. ఆ ఏడు అక్టోబరు 4 తరువాతి రోజు అక్టోబరు 15 అయినది. బ్రిటన్, దాని వలస రాజ్యాలు 1752లో కొత్త పద్ధతిని స్వీకరించాయి.

రష్యా, సెర్బియా, జార్జియా మొదలైన ఆర్థొడాక్స్ సంఘాలు పాత లెక్కనే పాటిస్తాయి. ప్రస్తుతం రెండింటికీ 13 రోజుల తేడా ఉన్నందున వారి డిసెంబరు 25 మన జనవరి 7 అవుతుంది. 2101 నుండి అది జనవరి 8కి మారుతుంది. ఈజిప్టులోని కోప్టిక్ క్రైస్తవులు, ఇథియోపియా క్రైస్తవులు కూడా జనవరి 7ననే పండుగ చేస్తారు. ఉక్రెయిన్ 2023లో డిసెంబరు 25కు మారినది. యేసు జన్మస్థలంగా భావించే బేత్లెహేములో డిసెంబరు 25, జనవరి 7, జనవరి 19 తేదీలలో మూడు పండుగలు జరుగుతాయి. మూడవది జూలియన్ లెక్కను అనుసరించే అక్కడి ఆర్మేనియా వారిది.

పాలమూరుకు చేరిన విధం

గద్వాల, వనపర్తి సంస్థానాలు నిజాం రాజ్యంలో ఉన్న కాలంలో ప్రభుత్వ లెక్కలకు ఫసలీ సంవత్సరం వాడుకలో ఉండేది. పండుగలకు హిందువులు తెలుగు పంచాంగాన్ని, ముస్లింలు హిజ్రీని చూసేవారు. క్రిస్మస్ మాత్రం మిషనరీలతో పాటు ఇంగ్లీషు క్యాలెండరు ప్రకారం వచ్చినది.

ఈ ప్రాంతంలో ప్రధానంగా పనిచేసినది మెన్నొనైట్ బ్రదరన్ మిషన్. ఈ శాఖ రష్యా సామ్రాజ్యంలోని జర్మను భాషీయుల మధ్య 1860 జనవరి 6న ఏర్పడినది. రష్యా 1918 వరకు జూలియన్ క్యాలెండరునే వాడినందున ఆ తేదీ కూడా పాత లెక్కకు చెందినదే. అక్కడి నుండి 1889లో బయలుదేరిన అబ్రహాం ఫ్రీసెన్ నల్లగొండలో అమెరికన్ బాప్టిస్టులతో కలిసి పనిచేశాడు. అమెరికాలో స్థిరపడిన అదే శాఖ వారు 1899లో ఎన్.ఎన్. హీబర్ట్ దంపతులను హైదరాబాదు రాజ్యానికి పంపారు. 20వ శతాబ్దపు తొలి దశకంలో డి.ఎఫ్. బర్గ్‌థోల్డ్ నాగర్‌కర్నూలు కేంద్రాన్ని ప్రారంభించాడు. తరువాత వనపర్తిలో మరొక కేంద్రం ఏర్పడినది. మహబూబ్‌నగర్, గద్వాల కేంద్రాలు మొదట అమెరికన్ బాప్టిస్టులవి. 1937లో ఇవి మెన్నొనైట్ బ్రదరన్ మిషన్‌కు బదిలీ అయినవి. మిషన్ వారు గ్రెగోరియన్ క్యాలెండరు పాటించే అమెరికా నుండి వచ్చినందున ఇక్కడ తేదీ వివాదం తలెత్తలేదు. ఈ సంఘాలను స్థానికులు ఎం.బి. చర్చిలని వ్యవహరిస్తారు.

సంఘాల వారీగా ఆచారాలు

* కేథలిక్కులు: క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు ఆగమన కాలంగా పాటిస్తారు. 24వ తేదీ అర్ధరాత్రి పూజ ముఖ్యమైనది. పశువుల పాకను ప్రతిమలతో అలంకరిస్తారు. పండుగ కాలం ముగ్గురు రాజుల పండుగ దాటే వరకు సాగుతుంది.
* ఎం.బి., బాప్టిస్టు సంఘాలు: 25వ తేదీ ఉదయపు ఆరాధన, వాక్యోపదేశం, పాటలు ప్రధానం. ప్రతిమలకు పూజ ఉండదు.
* దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.): ఆంగ్లికన్, మెథడిస్టు తదితర శాఖల కలయికతో 1947లో ఏర్పడినది. నిర్ణీత ఆరాధన క్రమాన్ని అనుసరిస్తుంది. తెలంగాణలో దీని ప్రసిద్ధ ఆలయమైన మెదక్ చర్చి 1924 డిసెంబరు 25ననే ప్రతిష్ఠింపబడినది.
* పాటించనివారు: యెహోవా సాక్షులు క్రిస్మస్ జరుపుకోరు. బైబిలులో తేదీ లేదనే కారణంతో కొన్ని స్వతంత్ర సంఘాలు కూడా దూరంగా ఉంటాయి. ఈ వాదన కొత్తది కాదు. 1647లో ఇంగ్లండు పార్లమెంటు, 1659లో మసాచుసెట్స్ వలస ప్రభుత్వం ఈ పండుగను నిషేధించాయి.

స్థానిక సంప్రదాయాలు

తెలుగు క్రైస్తవుల ఇళ్ళపై డిసెంబరులో కాగితపు నక్షత్రం వెలుగుతుంది. యువకులు, పిల్లలు రాత్రివేళ ఇంటింటికీ తిరిగి పాటలు పాడుతారు. నెల మొదటి వారాల నుండే పాఠశాలల్లో, కార్యాలయాల్లో, చర్చిలలో 'సెమీ క్రిస్మస్' జరపడం తెలుగు నాట వ్యాప్తిలో ఉన్న ఆచారం. పండుగకు కొత్త బట్టలు, పిండివంటలు, విందు భోజనం ఉంటాయి. పట్టణాల ప్రభావంతో కేకు కూడా చేరినది. డిసెంబరు 31 రాత్రి ఆరాధనతో కొత్త సంవత్సరంలో ప్రవేశిస్తారు. తెలంగాణ ప్రభుత్వ సెలవుల జాబితాలో 25తో పాటు 26వ తేదీ (బాక్సింగ్ డే) కూడా ఉన్నది.

సామాజిక నేపథ్యం

ఈ ప్రాంతపు క్రైస్తవులలో అధికులు మాల, మాదిగ కులాలకు చెందినవారు. 1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డు కులాలు) ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు షెడ్యూల్డు కుల హోదా లేదు. ఈ హోదాను 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవ మతం స్వీకరించిన షెడ్యూల్డు కులాల వారిని తెలుగు రాష్ట్రాలలో బి.సి.-సి వర్గంగా పరిగణిస్తారు. ఈ వర్గానికి కేటాయించిన రిజర్వేషను ఒక శాతం మాత్రమే. అందుచేత చర్చికి వెళ్ళే కుటుంబాలలో కొన్ని రికార్డులలో హిందువులుగానే కొనసాగుతున్నాయి. జనాభా లెక్కలలోని క్రైస్తవుల సంఖ్యకు, క్రిస్మస్ నాడు చర్చిలలో కనిపించే జనానికి తేడా ఉండటానికి ఇది ఒక ముఖ్య కారణం. తేదీపై తగవు లేని ఈ ప్రాంతంలో పండుగను బహిరంగంగా చేసుకోవడం ఆ కుటుంబాలకు కులధ్రువపత్రంతో ముడిపడిన విషయమైనది.

ఇవి కూడా చూడండి

* ఈస్టర్
* గ్రెగోరియన్ క్యాలెండరు
* గద్వాల సంస్థానం
* వనపర్తి సంస్థానం
* మెదక్ చర్చి