దెబ్బ నుంచి ధ్వని దాకా

1880లో పారిస్‌లో జాక్, పియేర్ క్యూరీ అనే అన్నదమ్ములు క్వార్ట్జ్, టూర్మలిన్ వంటి స్ఫటికాలను నొక్కి చూశారు. నొక్కినప్పుడల్లా వాటి ముఖాల మీద విద్యుదావేశం పుట్టింది. ఆ గుణానికి పియజో ఎలక్ట్రిసిటీ అని పేరు. ఎలక్ట్రానిక్ డ్రమ్ము మూలం అక్కడుంది.

ఇంగ్లండ్‌లో సిమన్స్ కంపెనీ 1981లో ఆరు కోణాల ఎస్‌డీఎస్-5 ప్యాడ్లు తెచ్చింది. పైముఖం పాలీకార్బొనేట్, అంటే పోలీసుల డాళ్లకు వాడే సరుకు. చూపుకు భలేగా ఉండేవి, వాయించేవాళ్లకు మాత్రం మణికట్లు పీకేవి. 1997లో రోలాండ్ కంపెనీ వీ-డ్రమ్స్ వచ్చి, గట్టి పలక స్థానంలో బిగించిన వల పరిచాక ఆ బాధ తగ్గింది.

వల కింద స్పాంజి శంకువు, దాని అడుగున పల్చటి ఇత్తడి బిళ్ల, బిళ్ల మీద ఆ పియజో గుణమున్న సిరామిక్ పూత. బొమ్మల్లో, అలారాల్లో కీచుమనేదీ ఇలాంటి బిళ్లే. అక్కడ కరెంటు పంపితే వంగి కూస్తుంది, ఇక్కడ కర్ర దెబ్బకు వంగి వోల్టేజీ ఇస్తుంది. ఆ వోల్టేజీ ఒక్కసారి లేచి ఆగిపోదు, ఊగుతూ సన్నగిల్లుతుంది. అందుకే శబ్దమిచ్చే పెట్టె, అంటే మాడ్యూల్, ఒకట్రెండు మిల్లీసెకన్లు ఆగి, శిఖరం ఎంతో కొలిచి, ఆ వెనక వచ్చే ఊపును కాసేపు పట్టించుకోదు. ఈ లెక్క తప్పితే ఒక దెబ్బకు రెండు మోగుతాయి. ఒకే స్టాండుకు బిగించిన పక్క ప్యాడు అదురుకు పలకడం మరో తలనొప్పి.

ఇక తీగ సంగతి. మధ్యన ఒక బిళ్ల, అంచుకు ఇంకొకటి ఉన్న ప్యాడుకు స్టీరియో జాక్ కావాలి. సాధారణంగా కొన మీద మధ్య బిళ్ల, రింగు మీద అంచు బిళ్ల, స్లీవ్ మీద గ్రౌండ్ ఉంటాయి. గిటారుకు వాడే మోనో తీగ దూర్చితే రింగు గ్రౌండుకు కలిసిపోయి అంచు మూగబోతుంది. ప్యాడు చెడిందనుకుని విప్పేముందు తీగ మార్చి చూడటం మంచిది. సింబల్ అంచులో చాలావాటికి బిళ్ల బదులు నొక్కుడు స్విచ్ ఉంటుంది. చేత్తో పట్టుకుంటే మోత ఆగేది దానివల్లే.

మన ఆర్కెస్ట్రాల్లో అందరికీ తెలిసిన ప్యాడ్స్ ఈ వంశంలోవే. 1985 నాటి తొలి ఆక్టాప్యాడ్‌లో సొంత శబ్దమే లేదు, ఎనిమిది పలకల దెబ్బల్ని మిడి అనే డిజిటల్ సందేశాలుగా వేరే యంత్రానికి పంపేది. 2016లో రోలాండ్ టీడీ-50 సెట్టుతో స్నేర్, రైడ్ యూఎస్‌బీ తీగకు మారాయి. ఆ సెట్టులో కిక్, టామ్‌లు మాత్రం పాత జాక్‌తోనే వచ్చాయి.